పెరటి మాట

నల్లబట్టలు కట్టుకున్న మనిషి వాన ముంచుకొచ్చినా పరిగెత్తకూడదు. గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, పొద్దు గుంకాక గడప దాటకూడదు, నలుగురు చేరినచోట కనబడకూడదు. నా మొగుడు జోలీలే ఊపిరితిత్తుల్ని జోహన్నెస్‌బర్గ్ బంగారు గనిలో పోగొట్టుకుని, ఊపిరి మాత్రం ఇంటికొచ్చి వదిలాడు. మొక్కజొన్న విత్తే రోజులవి. సమాధి మీద మట్టి ఆరకముందే మా అత్త నాకు నల్లబట్టలు కట్టించింది. పొత్తులు కోతకొచ్చి ఈస్టరు వెళ్ళేదాకా వాటిలోనే ఉండాలి.

నోరు కట్టేసినా నాకప్పుడు పెద్ద బాధ లేదు. మా గుడిసెలో మంచం తలాపున గోడకి ఒక పెట్టె ఉండేది. కప్పు మీద ఇనప గొట్టం, దాని కొసన తెల్లటి పళ్ళెం, పక్కన సోలారు పలక. ఊళ్ళో ఇంకొన్ని ఇళ్ళ మీద కూడా అలాంటివి ఉన్నాయి కానీ అన్నిటికీ తల్లి మాది. జోలీలే ఇంకొంతమందితో కలిసి సంఘం పెట్టి, ఊరు సొంతంగా వేసుకున్న నెట్టు అది. ఊళ్ళోవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడానికి ఖర్చు లేదు. దాంట్లోనే ఊరంతా రాసుకునే పేజీ ఒకటి ఉండేది. దాని పేరు పెరడు.

ఆ పేరు జోలీలే ఊరికే పెట్టలేదు. మా కొండల్లో కోడళ్ళు ఇళ్ళ ముందు నుంచి నడవరు. ఇళ్ళకీ పశువుల దొడ్డికీ మధ్యనున్న ముంగిలి మగవాళ్ళది, చచ్చిపోయిన వాళ్ళ పెద్దలది. నీళ్ళకెళ్ళినా కట్టెలకెళ్ళినా మేం ఇళ్ళ వెనక నుంచి చుట్టు తిరిగి పోవాలి. ముంగిట్లో మాట్లాడలేనివాళ్ళు పెరట్లో మాట్లాడుకోండి అన్నాడు. పెరట్లో రాయడానికి ఫోను నంబరు అక్కర్లేదు, సొంత పేరు అక్కర్లేదు. నచ్చిన పేరు పెట్టుకుని రాసుకోవచ్చు. నది అవతలి ఊళ్ళలో కూడా ఇలాంటి పెట్టెలే ఉండేవి. మేం రాసింది వాళ్ళు చదివేవాళ్ళు, వాళ్ళు రాసింది మేం చదివేవాళ్ళం. ఎవరి పెట్టె వాళ్ళది, ఒకరి మీద ఒకరి పెత్తనం లేదు.

నేను మాత్రం నా పేరుతోనే రాసేదాన్ని. నోఫెజీలే అని, అత్తవారు పెట్టిన పేరు. కుళాయి తాళంచెవి ఊరిపెద్ద భార్య నడుముకి ఎందుకు వేలాడుతోందో రాశాను. కొట్లో పిండికి ఒక ధర, అందులో పురుగులకి ఇంకో ధర వేస్తున్నారా అని రాశాను. మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్ళు మూతి బిగించుకుని నవ్వేవాళ్ళు. నది అవతల నుంచి కూడా, ఈ వారం ఇంకా రాయలేదేం తల్లీ అని అడిగేవాళ్ళు. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ నా మాట కోసం ఎదురుచూసిన మనిషిని అంతకుముందు నేనెరగను.

మా అత్తకి ఇది బొత్తిగా గిట్టదు.

"మొగుడు పోయి నెల తిరగలేదు. ఆ ఫోను మీద టకటకలేంటే?" అంది ఒకరోజు, గుమ్మంలో నిలబడి.

"నోరు మూసుకోమన్నావు, మూసుకున్నాను. వేళ్ళు కూడా మూసుకోమన్నావా అత్తా?"

"వేళ్ళకీ ఉంది దుఃఖం. మా రోజుల్లో వేళ్ళతో చాపలు అల్లుకునేవాళ్ళం."

"ఇదీ అల్లికేలే."

"అల్లిక! నీ నాలుక నీ మొగుణ్ణి మించిపోయింది," అని గొణుక్కుంటూ పోయింది. పోయేముందు పలక మీద దుమ్ము పడిందని కొంగుతో తుడిచి మరీ పోయింది. ఆవిడ తత్వం అంత.

పెరట్లో కుంటి మేక అని ఒకమ్మాయి రాసేది. ఎక్కువ రాయదు. "ఈ రాత్రి మేకని కొట్టారు." అంతే. లేకపోతే, "మేకకి రేపు భయంగా ఉంది." అది ఎవరో మా అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం. గుట్ట కింది ఇంటి చిన్నకోడలు ఫుమేజా. మొగుడు లోయిసో తాగనప్పుడు కూడా చెయ్యి చేసుకునే రకం.

అలా రాసిన మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు ఖాళీ గిన్నె పట్టుకుని వాళ్ళింటికి ఉప్పు అప్పుకి వెళ్ళేవాళ్ళు. ఆవిడ అలా కదలగానే ఇంకొకరు. మధ్యాహ్నం ఇంకొకరు. ఇంట్లో పరాయి ఆడమనిషి కూర్చుని ఉండగా పెళ్ళాన్ని కొట్టడం మావాళ్ళలో తలవంపు. లోయిసోకి అసలు విషయం అంతుపట్టలేదు. "ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఉప్పే తింటారా, అన్నం తినరా?" అని విసుక్కునేవాడట. మేం ఆ మాట పెరట్లో రాసుకుని పడీపడీ నవ్వాం. నల్లబట్టల్లో నేను నవ్వింది అప్పుడే.

క్రిస్మసుకి గనుల నుంచి, పట్నాల నుంచి మగవాళ్ళు పెద్ద పెద్ద ఫోన్లతో దిగారు. వాళ్ళతోపాటే ఫోను కంపెనీ మనిషొకడు వచ్చాడు. బురదలో మెరుపు బూట్లు వేసుకుని, ఊరిపెద్ద మబండ్లాకి పద్ధతి ప్రకారం బ్రాందీ సీసా పట్టుకొచ్చాడు. ఆ సంగతి నాకు చెప్పింది మా మరిది వుకీలే.

"వదినా, మన కొండ మీద టవరు వేస్తారట! జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్నవాడి మొహం ఇక్కడ కూర్చుని చూడొచ్చు. వాళ్ళ యాపుకి డబ్బు కూడా అక్కర్లేదట."

"మరి మన పెట్టె?"

వాడు నేలచూపులు చూశాడు. "సంఘం మూసేస్తేనే టవరంట. లేకపోతే నది అవతలికి తీసుకుపోతారంట."

"మూసేస్తే పెరడు ఉండదు వుకీలే."

"దానికేంటి వదినా, ఆ యాపులో ఊరి పేరుతో గుంపు పెట్టుకోవచ్చు. అందరం అందులోనే ఉంటాం."

"అందులో కుంటి మేక ఉంటుందా?"

వాడికి అర్థం కాలేదు. మగవాళ్ళు చాలామంది పెరడు చదివేవాళ్ళు కాదు, అందులో పడి కొట్టుకునేది ఆడవాళ్ళేనని వాళ్ళ ఉద్దేశం. వాణ్ణి తప్పుపట్టను. మా పెట్టె బొమ్మలు చూపించడంలో ముసలిది. దూరంగా ఉన్న మొగుడి మొహం చూడాలని ఏ పెళ్ళానికి ఉండదు? నాకూ ఉండేది, చూడ్డానికి మొహం మిగిలి ఉన్నన్నాళ్ళూ.

పంచాయితీ పెట్టారు. పెరడు మూసేయాలా వద్దా అన్నది ముంగిట్లో తేలుతుంది.

ఇక్కడ జోలీలే చేసిన పని ఒకటి చెప్పాలి. సంఘం పెట్టినప్పుడు పట్నం నుంచి వచ్చిన చదువుకున్న కుర్రాళ్ళు చేతులెత్తించి లెక్కపెట్టండి అంటే ఇతను ఒప్పుకోలేదు. "అది మన పద్ధతి కాదు. మన తాతలు మనుషుల్ని పశువుల్లా లెక్కపెట్టలేదు. మాట ఉన్నవాడు లేచి నిలబడతాడు. ఒక్కడు నిలబడి ఉన్నా విషయం తెగినట్టు కాదు. అందరూ కూర్చున్నాకే తెగినట్టు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఊరి పంచాయితీకీ అదే పద్ధతి అయింది. నేనూ మురిసిపోయాను. నిలబడే హక్కు అందరికీ ఇచ్చాడు కానీ, మామగారి ఎదుట, బావగారి ఎదుట ఆ ముంగిట్లో ఏ కోడలు నిలబడగలదో ఆ మనిషికి తట్టలేదు. అప్పట్లో నాకూ తట్టలేదు. ఆ ముచ్చటే మా కొంప ముంచింది.

ఆ వారమంతా పెరడు హోరెత్తిపోయింది. నిలబడతాం అని ఒకరు, నేనూ అని ఒకరు. వేళ్ళు నొప్పిపుట్టేదాకా నేను రాశాను. నేను నల్లబట్టల్లో ఉన్నాను, ఆ గుంపులోకి రాలేను, నా బదులు మీరు నిలబడండి, ఒక్కరు లేస్తే చాలు అని రాశాను. కుంటి మేక కూడా రాసింది. "మేక కూడా నిలబడుతుంది. కుంటిదైనా."

మా గుడిసె ముందు గోడకి ముంగిలి ఎంతో దూరం కాదు. ఆ రోజు నేను ఆ గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. మా అత్త కొత్త శాలువా కప్పుకుని ఆడవాళ్ళు కూర్చునే గడ్డి వైపు వెళ్ళింది. కంపెనీవాడు మాట్లాడాడు. గనులవాళ్ళు మాట్లాడారు. వుకీలే కూడా ఏదో అన్నాడు. తర్వాత మబండ్లా గొంతు సవరించుకుని అడిగాడు.

"విన్నారుగా. ఎవరికైనా మాట ఉందా?"

ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి బట్టల చప్పుడు వినబడింది. చాలామంది ఒక్కసారిగా కదిలినట్టు. లేస్తున్నారనుకున్నాను. నా చేతులు వాటంతటవే గోడని పట్టుకున్నాయి.

"అందరూ కూర్చునే ఉన్నారు," అన్నాడు మబండ్లా. "తెగిపోయింది."

ఎండ మీద పడుతోందని నీడలోకి జరిగారట.

సాయంత్రం వాళ్ళందరూ మా ఇంటి వెనక నుంచే పోయారు. వేరే దారి లేదు మరి. ఒక్కరూ నా పెరటి గుమ్మం వైపు చూడలేదు. ఫుమేజా మాత్రం ఆగింది. వీపున పిల్ల నిద్రపోతోంది.

"అక్కా, మా మామగారు నాకెదురుగా ఉన్నాడు. కాళ్ళు లేవలేదక్కా."

"వెళ్ళు. చీకటి పడుతోంది," అన్నాను. అంతకంటే మంచిమాట నా నోటికి రాలేదు. నల్లబట్ట నన్ను ఆపింది సరే, వీళ్ళనేం ఆపిందని కడుపు మండిపోతోంది.

మా అత్త ఆ రాత్రి సంకటి ముట్టుకోలేదు.

వుకీలే నిచ్చెన వేసుకుని గొట్టం దించాడు. పలక, బ్యాటరీ వాడే తీసుకుపోయాడు, టీవీకి పనికొస్తాయని. పెట్టె మాత్రం నేనివ్వలేదు. ఆర్పే ముందు పెరట్లో చివరికి ఏం రాసుకున్నారో చూశాను. గుమ్మడికాయలు బాగా కాశాయని ఒకరు, దూడ తప్పిపోయిందని ఒకరు. వీడ్కోలు మాటలు ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. నదికి అవతలి నుంచి ఎవరో, మీ ఊరి పెట్టె సరిగా పలకట్లేదేం అని అడిగారు. దానికి జవాబు రాసేలోపే వుకీలే తీగ లాగేశాడు.

టవరు లేచింది. దాని నెత్తిన ఎర్రదీపం. గుంపు పెట్టారు, ఊరంతా అందులో చేరింది. మొదట్లో జాతరలాగే ఉంది. మొగుళ్ళ మొహాలు, పుట్టినరోజు కేకులు, పాటలు. నల్లబట్టలవాళ్ళకి పాటలేంటని నేను చేరలేదు. అసలు కారణం వాళ్ళ మీద ఏడుపు.

పొత్తులు పాలు పట్టే రోజులు. ఒకనాడు పొద్దున్నే మా అత్త నా గుడిసెలోకి వచ్చి, మూలనున్న ఖాళీ గిన్నె తీసుకుంది.

"ఎక్కడికత్తా?"

"ఉప్పుకి."

నేను తెల్లబోయాను. మా ఇంట్లో ఉప్పు దండిగా ఉంది. పైగా పెరడు అంటేనే పడని మనిషి.

"నీకెలా తెలుసు?"

"నాకు తెలియకపోవడమేంటే? మొదటి గిన్నె ఎప్పుడూ నాదే. మీరు రాత్రి రాసుకున్నవన్నీ వుకీలే కూతురు పొద్దున నాకు చదివి వినిపించేది." ఆవిడ గిన్నె చంకన పెట్టుకుంది. "రాత్రి ఆ కొత్తదాంట్లో రాసిందట పిచ్చిపిల్ల. కుంటి మేక అనే రాసిందట. పేరు కింద నంబరు పడుతుందని ఎరగదు. ఊరంతా చూసింది. వాడే ముందు చూశాడు."

నేను లేచాను.

"కూర్చో. నల్లబట్టలతో నువ్వు ఆ గడప తొక్కితే దానికి ఇంకో అరిష్టం తగిలిందంటారు. నేను పోతున్నా కదా," అని మా అత్త గిన్నె పట్టుకుని ఇంటి ముందు నుంచే, ముంగిట్లోంచే నడిచి వెళ్ళింది. ముసలావిడ, ఆవిడకి ఆ హక్కు ఉంది. కానీ ఆవిడ అలా పోవడం అంతకుముందు నేను చూడలేదు.

ఆ ఇంట్లో ఫుమేజా నేల మీద పడి ఉందట. పిల్ల పక్కనే కూర్చుని తల్లి జుట్టుతో ఆడుకుంటోందట. లోయిసో లేడు. మా అత్త గిన్నె పారేసి, అరిచి, మనుషుల్ని కూడేసి, కొట్టువాడి బండి మీద క్లినిక్కుకి, అక్కణ్ణుంచి ముతాతా పెద్దాసుపత్రికి పంపించింది. తిరిగొచ్చి నా మంచం అంచున కూలబడింది.

"ఎడం చెవి పోయిందంటున్నారు. దవడ కట్టారు."

నేను చెంబుతో నీళ్ళు ఇచ్చాను.

"నేనూ కూర్చునే ఉన్నానే ఆ రోజు," అంది మా అత్త. "నాకు అడ్డమెవరు? మామ లేడు, మొగుడు లేడు, నాకు ఎవరి ముందూ సిగ్గు లేదు. అయినా కూర్చున్నా. అందరూ నీడలోకి జరిగితే నేనూ జరిగా."

ఆవిడ మీద నాకు జాలి కలగలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ క్షణంలో ఆవిణ్ణి పట్టుకుని కుదిపేయాలనిపించింది. కానీ నేను చూస్తుండగానే ఆవిడ నా కాళ్ళ దగ్గర చాప మీద వాలి, అక్కడే పడుకుంది.

ఈస్టరు వెళ్ళాక బీరు కాచారు, మేకని కోశారు. నా నల్లబట్టలు విప్పి, ఇంటి వెనక కాల్చేశారు. కొత్త పూల బట్ట కట్టుకుంటే ఒళ్ళు నాది కానట్టు ఉంది. అదే వారంలో లోయిసో విషయం పంచాయితీకి వచ్చింది.

కొత్త బట్టలో మొదటిసారి నేను ఆడవాళ్ళ గడ్డి మీద కూర్చున్నాను, మా అత్త పక్కన. ముంగిలి అవతల మగవాళ్ళు. లోయిసో తల దించుకుని ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. ఫుమేజా తండ్రి నదికి అవతలి నుంచి వచ్చాడు, పేదవాడు. పెద్దలు తమలో తాము మాట్లాడుకుని ముందే తేల్చేశారు. లోయిసో మామగారికి ఒక ఆవుని తప్పు కింద ఇవ్వాలి. ఫుమేజా దవడ మానగానే కాపురానికి తిరిగి రావాలి. పిల్ల ఉంది కదా.

ఫుమేజా తండ్రి తలూపాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

"విన్నారుగా," అన్నాడు మబండ్లా. "ఎవరికైనా మాట ఉందా?"

నా దగ్గర ఉంది. రాత్రంతా మనసులో రాసుకున్నాను, పెరట్లో రాసుకున్నట్టే, ఒక్కో వాక్యం కొట్టేసి మళ్ళీ పెట్టి. ఆ పిల్ల రాకూడదు. మేం ఉప్పు అడగడానికి వెళ్ళే దారి కూడా మీరు మూసేశారు. ఇక ఎలా కాపాడతారో చెప్పండి. ఇంతే. చిన్న మాటలే.

లేచి నిలబడ్డాను.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఇన్నేళ్ళూ నేను మాట్లాడిందంతా వేళ్ళతో. నా మొగుడి పెదనాన్నలు, పినతండ్రులు అందరూ వరసగా అక్కడ కూర్చుని నన్నే చూస్తున్నారు.

"ఏంటమ్మా, మాటుందా?" అన్నాడు మబండ్లా.

నేను నిలబడే ఉన్నాను.

"ఏం లేకపోతే కూర్చో తల్లీ. కొత్త బట్ట చూశాంలే, బాగుంది," అన్నాడు గనుల నుంచి వచ్చినవాడొకడు. మగవాళ్ళు నవ్వారు. వుకీలే నవ్వలేదు.

ముఖం మండిపోయింది. కూర్చుంటే ఎంత సుఖమో ఆ క్షణంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పక్కన ఆడవాళ్ళందరూ ఒళ్ళోకి చూసుకుంటున్నారు.

"సరే," అన్నాడు మబండ్లా, కర్ర పట్టుకుని. "అయితే తెగిపో..."

"తెగలేదు," అంది మా అత్త కింద నుంచి. "నా కోడలు నిలబడి ఉంది. కనబడకపోతే కళ్ళద్దాలు తుడుచుకో."

"మాట చెప్పమనే కదా అడుగుతున్నా?"

"వచ్చినప్పుడు చెబుతుంది. మాట రానివ్వు. నా కొడుకు పెట్టిన పద్ధతి ఇది, నువ్వూ చప్పట్లు కొట్టావు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మబండ్లా కర్ర కింద పెట్టాడు. లోయిసో మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. నేనూ వాణ్ణే చూశాను.

పొద్దు కొండ మీద టవరు వెనక్కి దిగింది. మేత నుంచి పశువులు తిరిగొచ్చాయి. దొడ్డికి పోవాలంటే ఆ ముంగిట్లోంచే పోవాలి. దారినిండా మగవాళ్ళు. విషయం తెగకుండా ఒక్కడూ లేవడానికి లేదు. ఆవులు మా చుట్టూ ఆగి, పొదుగులు బరువెక్కి అరవడం మొదలుపెట్టాయి.

నాకు మాట ఇంకా రాలేదు. నేను కూర్చోలేదు.